తాత చరిత్ర తేలనిదే కత్తి పట్టరాదు

కర్నూలులో ఈమధ్య ఒక చెడ్డ అలవాటు మొదలైంది. కాలేజీ కుర్రాళ్ళు నలుగురు డాబా మీద చేరి, పుస్తకం నాలుగు పేజీలు తిరగేసి, పాచికలు తీసి ఆట మొదలుపెట్టేస్తున్నారు. పైగా నవ్వుకుంటున్నారు. మా ఇంటికి మూడిళ్ళ అవతలే జరుగుతోంది ఇదంతా. అడిగేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి బాధ్యత గల పౌరుడిగా నేను అడుగుతున్నాను: ఏమప్పా, అంత తొందరేమొచ్చింది?

నేను చెప్తున్నది టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ సంగతి. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకాయన కథ నడుపుతాడు, ఆయన్ని గేమ్ మాస్టర్ అనీ, ముద్దుగా జీఎం అనీ అంటారు. మిగతావాళ్ళకు తలా ఒక పాత్ర. 'ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తారు?' అని జీఎం అడుగుతాడు. వాళ్ళు చెప్తారు. జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆట అచ్చులోకి వచ్చింది. మా బృందానికి జీఎంని నేనే. ఈ మాట విని మా వీధిలో కొందరు నేనేదో పెద్ద కంపెనీలో జనరల్ మేనేజర్ని అనుకుంటున్నారు. నేను దిద్దలేదు.

ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి. వాటిలో పురాణం దండిగా ఉన్నదాన్ని ఏరికోరి పట్టుకున్నాం. పేరు రూన్‌క్వెస్ట్. అది జరిగే లోకం గ్లోరాంతా. అక్కడ భూమి గుండ్రంగా ఉండదు, సముద్రం మీద తేలే దిమ్మ. పైన ఆకాశం బోర్లించిన గిన్నె. తుఫాను దేవుడు ఓర్లాంత్ సూర్యదేవుణ్ణి చంపేశాడు, లోకం చీకటైంది, చేసిన పని తెలిసొచ్చి తోడుగా కొందరిని వెంటేసుకుని పాతాళానికి పోయి వెలుగును వెనక్కి తెచ్చాడు. కాలం అనేదే ఆ తర్వాత పుట్టింది, అంతకుముందు తేదీలు లేవు. ఏడాదికి 294 రోజులు. ఋతువులు ఐదు, ఆ పైన రెండు వారాలు పూర్తిగా దేవుడి పనికే. కంచు అంటే దేవుళ్ళ ఎముకలు. ఆ లోకపు లెక్కలో 1247లో ఒక దేవత ఎర్ర చంద్రుడై ఆకాశంలోకి లేచింది, లేచిన చోటే నిలబడిపోయింది. ఇదంతా పీఠిక మాత్రమే.

బృందంలో నేను, మా బావమరిది, హైస్కూల్లో సోషల్ చెప్పే సారు, మెడికల్ షాపు నడిపే పక్కింటాయన. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం మా మేడ మీద కలుస్తున్నాం. ఇప్పటివరకు ఒక్కసారి కూడా పాచిక వేయలేదు. దాపరికం లేకుండా, కొంచెం గర్వంగానే ఒప్పుకుంటున్నాను.

దీనికి పెద్దల బాటే మాకు ఆధారం. ఈ లోకాన్ని ఊహించిన గ్రెగ్ స్టాఫర్డ్ 1966లో, కాలేజీలో చదువుకుంటూ రాయడం మొదలుపెట్టాడు. 1975లో బోర్డ్ గేమ్ ఒకటి వేశాడు. రూన్‌క్వెస్ట్ వచ్చింది 1978లో. అంటే సృష్టికర్తే పన్నెండేళ్ళు ఆగాడు. మనకు పన్నెండు ఆదివారాలు ఆగడానికి ప్రాణం పోతుంది. 2014లో ఆ లోకానికి రెండు సంపుటాల గైడు వచ్చింది, సుమారు 800 పేజీలు. సంపుటం ఒక్కొక్కటి ఎత్తితే మా సారుకు భుజం పట్టేసింది. మెడికల్ షాపాయన ఆయింట్‌మెంట్ ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఆట అంటే అలాంటి సహకారం.

ఎడిషన్ల తగువు ఇంకా తెగలేదు. 1978 నాటిది చదవాలా, 1984 నాటిదా, 2018 నాటిదా? సారు సోషల్ మాస్టరు కదా, మొదటి నుంచి కాలక్రమంలో రావాలంటాడు. మెడికల్ షాపాయన పాతవన్నీ ఎక్స్‌పైరీ అయిపోయాయంటాడు. నిజానికి ఎడిషన్లంటే కర్నూలు వాళ్ళకు బెదురు ఉండకూడదు. 1953 ఎడిషన్‌లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని మాదే. 1956 ఎడిషన్‌లో తీసేశారు. 2020లో న్యాయ రాజధాని అని ఒక సప్లిమెంట్ ప్రకటించారు, పుస్తకం మాత్రం చేతికి రాలేదు. 2022లో మ్యాపే మార్చేసి శ్రీశైలం, అహోబిలం, యాగంటి, బెలుం గుహలు అన్నీ నంద్యాల జిల్లా పుస్తకంలో కలిపేశారు. మా సారు పిల్లల చేత పెన్సిల్‌తో దిద్దించాడు. పెన్నుతో వద్దన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఆటలో పాత్రను తయారుచేయడం మీ బలంతోనో తెలివితోనో మొదలవదు. తాతతో మొదలవుతుంది. మీ తాత ఏ పని చేసేవాడు, ఏ యుద్ధంలో ఉన్నాడు, బతికాడా చచ్చాడా, అన్నీ పాచిక వేసి ఏటా ఏం జరిగిందో రాసుకోవాలి. ఆ తర్వాత అమ్మానాన్నల వంతు. చివర్న, ఓపిక మిగిలితే మీరు. ఇది చదవగానే మా బావమరిది 'బావా, ఈ ఆట మన సీమలో పుట్టాల్సింది' అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. మొన్న కొత్త బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జి కోసం నిలబడ్డాను. పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన.

"ఏ ఊరు నాయనా?"

"కర్నూలే."

"అది సరేలే, అసలు ఊరు?"

"పత్తికొండ దగ్గర."

"దగ్గరంటే యాడ?"

ఊరు చెప్పాను.

"ఆ ఊర్లో ఎవురి మనవడివి?"

తాత పేరు చెప్పాను. ఆయన ఒక్క క్షణం బజ్జి వైపు చూసి, "ఓహో, బావి అమ్ముకున్నాయన మనవడివా!" అన్నాడు. ఆ బావి సంగతి నలభై ఏళ్ళుగా మా ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో పట్టిక మీద పట్టిక తిప్పి గంటన్నర కష్టపడాల్సిన వంశచరిత్ర, ఉగ్గాని ప్లేటు చేతికి రాకముందే తేలిపోయింది. అందువల్ల మా బృందం ఒక తీర్మానం చేసింది: తాత గురించి సంతృప్తికరంగా తేలేవరకు ఏ పాత్రా కత్తి పట్టరాదు. నా పాత్ర తాత కూడా బావి అమ్ముకున్నాడని రాసుకున్నాను. ఎవరికి అమ్మాడన్నది విచారణలో ఉంది.

ప్రేమ, విధేయత, పగ, వీటికి కూడా ఈ ఆటలో శాతాలుంటాయి. సీమ అనగానే సినిమావాళ్ళు పగకు నూటికి నూరు వేసి సుమోలు గాల్లోకి లేపుతారు, అందుకని ఆ జోలికి పోను. మా బావమరిది మాత్రం 'వంశం మీద ప్రేమ 60, తోడల్లుడి మీద మంట 90' అని రాసుకున్నాడు. తోడల్లుడు ఈ ఆటలో లేడని చెప్పినా కొట్టేయలేదు.

దెబ్బలాటకైతే ఏకంగా శాస్త్రమే ఉంది. వంద లోపు అంకె వచ్చే పాచికలు వేస్తారు. మీ కత్తి నైపుణ్యం 65 అనుకోండి, 65 గానీ అంతకు తక్కువ గానీ పడితే తగిలినట్టు. 13 లోపు పడితే గట్టిగా తగిలినట్టు, 3 లోపు పడితే ఇక చెప్పక్కర్లేదు. తగిలాక ఇరవై ముఖాల పాచిక వేసి ఎక్కడ తగిలిందో చూడాలి. 1 నుంచి 4 కుడి కాలు, 12 ఛాతీ, 19, 20 తల. ఈ పట్టికను దేవరగట్టు మీదుగా వచ్చిన ఒక చుట్టానికి చూపించాను. దసరా అర్ధరాత్రి మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలు పట్టుకుని తలపడే చోటది. ఆయన శ్రద్ధగా చదివి, "ఇదేంది, తలకి రెండే నంబర్లు ఇచ్చినారు?" అన్నాడు. ఆయన అనుభవంలో 1 నుంచి 20 దాకా తలేనట.

సిద్ధం కాకుండా దిగడం మా జిల్లాకు పాత జబ్బు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల వేటకు వచ్చేస్తారు. సద్దిమూట కట్టుకుని, వంగి నేలను చూసుకుంటూ నడుస్తారు. ఒక్కరైనా భూగర్భ శాస్త్రం చదివి వస్తారా? రారు. అయినా అప్పుడప్పుడు ఎవరో ఒకరికి దొరుకుతూనే ఉంటుంది. చదువుకున్నవాళ్ళకు అదే కడుపుమంట.

ఆటను తయారుచేసిన కంపెనీ కూడా ఇలాంటి తొందరపాటును ప్రోత్సహిస్తోందని చెప్పడానికి చింతిస్తున్నాను. 2021లో కొత్తవాళ్ళ కోసమని ఒక పెట్టె తెచ్చారు. అందులో పాత్రలు ముందే తయారుచేసి పెట్టారు, తాతలతో సహా. ఒక్కరే కూర్చుని ఆడుకునే కథ కూడా ఉంది. పెట్టె తెరిచిన సాయంత్రమే ఆడేయొచ్చునట. పదో తరగతి పరీక్షకు ముందురాత్రి అమ్మే గైడుకూ దీనికీ తేడా ఏముంది? ఇంకా ఘోరం ఏంటంటే, ఎవరి గ్లోరాంతా వాళ్ళ బల్ల దగ్గర వాళ్ళకు తగ్గట్టు మారుతుంది అని స్టాఫర్డే అంటుండేవాడు. 800 పేజీలు చదివినవాడికి ఈ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. మా బృందం దాన్ని అచ్చుతప్పుగా పరిగణించింది.

ఇంత నిష్ఠగా నడుస్తున్న మా బృందంలో గత ఆదివారం జరిగింది చెప్పడానికి మనసు రావడం లేదు. మా చెల్లెలి కూతురు సెలవులకు వచ్చింది. ఐదో తరగతి. ఆ రోజు ఎజెండాలో గ్లోరాంతా నాణేలు ఉన్నాయి. పది రాగి క్లాక్‌లు ఒక వెండి లూనార్, ఇరవై లూనార్‌లు ఒక బంగారు చక్రం. సారు మినిట్స్ రాస్తున్నాడు. ఆ పిల్ల వచ్చి పుస్తకంలో బొమ్మ మీద వేలు పెట్టింది.

"మామా, బాతు కత్తి పట్టుకుందేంటి?"

"వాళ్ళు బాతు జాతి. మనుషుల్లా నడుస్తారు. ఎగరలేరు, దాని వెనకాల ఒక శాపం..."

"శాపం తర్వాత చెప్పు. నేను బాతుని. ఇప్పుడు నేను ఎక్కడున్నా?"

నా నోట అప్రయత్నంగా వచ్చేసింది: "వాగు ఒడ్డున." ఇంతకాలం పేజీల్లోనే ఉన్న లోకం, నా మాటతో, మా మేడ మీదికి దిగిపోయింది. సారు పెన్ను ఆగిపోయింది.

"అయితే ఈదుతా," అంది.

బాతు తాత సంగతి తేలలేదని మా బావమరిది సక్రమంగానే అభ్యంతరం చెప్పాడు. పిల్ల అప్పటికే పెట్టె మూత తీసింది. ఏడాదిన్నరగా సీలు తీయని పాచికలు. ప్లాస్టిక్ కవరు పళ్ళతో చింపింది. ఈతకు 65 అన్నాను, చేతికొచ్చిన అంకె. 58 పడింది. బాతు అవతలి ఒడ్డుకు చేరింది. అక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా, ట్రోల్ ఉన్నాడన్నాను. ట్రోల్‌లు చీకటి జాతి, రాళ్ళతో సహా ఏదైనా తినగలరు.

"ఆకలేస్తోందా వాడికి?"

"ఎప్పుడూ వేస్తుంది."

"నా సంచిలో ఉగ్గాని ఉంది. పెడతా."

గ్లోరాంతాలో బొరుగులు ఉన్నాయా అన్న ప్రశ్న మీద సారు, మా బావమరిది రెండు సంపుటాలూ తెరిచి తీవ్రంగా వెతికారు. పిల్ల వాళ్ళ కోసం ఆగలేదు. మాటలతో ఒప్పించే నైపుణ్యం 40 అన్నాను. పాచికలు బల్ల మీద దొర్లి, సారు కళ్ళజోడుకు తగిలి ఆగాయి. సున్నా, రెండు. 40కి 2 అంటే అంతకు మించిన విజయం ఉండదు. ట్రోల్ ప్లేటు నాకేసి, మారు అడిగాడు, బాతును భుజం మీద ఎక్కించుకున్నాడు. ఆ సమయంలో మెడికల్ షాపాయన మెల్లగా కుర్చీ ముందుకు లాక్కుని నన్ను అడిగిన ప్రశ్న ఇంకా చెవిలో ఉంది.

"అన్నా, ఆ ట్రోల్‌ని నేను అయితే ఏమైనా తప్పా?"

షాపు తెరవాల్సిన టైము దాటిపోయింది. ఇంటి నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది, ఎత్తలేదు. గొంతు మార్చి, బరువుగా, 'ఇంకా బజ్జి ఉందా?' అంటున్నాడు. మా బావమరిది తన పాత్రను తీసుకొచ్చి వాగు దగ్గర నిలబెట్టాడు, దారిలో తోడల్లుడు ఎదురైతే చెప్పమన్నాడు. చీకటి పడి మా చెల్లెలు వచ్చి పిల్లను చెయ్యి పట్టి లాక్కుపోయేదాకా ఇదే అరాచకం. ఆ రోజు మినిట్స్‌లో నాణేల తర్వాత ఏమీ లేదు. సారు వాగుకు మ్యాపు గీసుకుంటున్నాడు. పెన్నుతో.

మరుసటి రోజు పొద్దున్నే అత్యవసర సమావేశం పిలిచాను. ఎవరూ రాలేదు. పాచికలు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఆదివారం వస్తానని పిల్ల ఫోన్ చేసింది. ఉగ్గాని ఎక్కువ చేయమంది, ట్రోల్ వాళ్ళ అవ్వ కూడా వస్తుందట. ఫోన్ పెట్టేముందు, "మామా, బియ్యం డబ్బా వెనకేనా?" అంది.