పాత తెరలు కూల్చకండి, సరిహద్దు గీయండి

యాప్ తెరలు కట్టడానికి ఆపిల్ తెచ్చిన కొత్త ఫ్రేమ్‌వర్క్ స్విఫ్ట్‌యూఐ 2019లో వచ్చింది, ఆండ్రాయిడ్‌లో అలాంటిదే అయిన జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0 వచ్చింది 2021లో. అయినా "యాప్ మొత్తాన్ని కొత్తదాంట్లోకి ఎప్పుడు మారుస్తారు?" అన్న ప్రశ్న మీటింగుల్లో ఇంకా నలుగుతూనే ఉంది. మార్చనక్కర్లేదు. పాత, కొత్త కలిపి వాడటం ఏళ్ల తరబడి నిలిచే పద్ధతే. ఎక్కడ కలపాలో తేల్చుకోనప్పుడే చెడుతుంది.

ఆపిల్ పాత ఫ్రేమ్‌వర్క్ యూఐకిట్‌లోని టెక్స్ట్‌వ్యూను, అంటే టైప్ చేసే పెట్టెను, స్విఫ్ట్‌యూఐలో పెట్టారనుకోండి. దాన్ని తయారుచేసే ఫంక్షన్ మేక్‌యూఐవ్యూ ఒక్కసారే నడుస్తుంది. దాన్ని తాజా చేసే అప్‌డేట్‌యూఐవ్యూ మాత్రం స్టేట్ (తెర వెనకున్న డేటా) మారినప్పుడల్లా నడవొచ్చు. అందులో టెక్స్ట్‌ను గుడ్డిగా మళ్లీ రాసేస్తే, వాక్యం మధ్యలో దిద్దుకుంటున్నవాళ్ల కర్సర్ చివరికి గెంతుతుంది. విలువ నిజంగా మారిందో లేదో చూసుకునే రాయాలి. పాత వ్యూలో జరిగేవాటిని స్విఫ్ట్‌యూఐకి చేరవేసే కోఆర్డినేటర్‌ది ఇంకో తంటా. తను పుట్టినప్పటి స్ట్రక్ట్ (స్విఫ్ట్‌యూఐ వైపు విలువల కట్ట) కాపీనే పట్టుకు కూర్చుంటుంది. ప్రతి అప్‌డేట్‌లో దానికి కొత్త కాపీ అందించే ఆ ఒక్క లైను మరిచిపోతే, కొత్త స్క్రీన్ మీద పాత క్లోజర్ (ముందు అప్పగించిన కోడ్ ముక్క) నడుస్తుంది. క్రాష్ కాదు కాబట్టి ఎవరికీ దొరకదు.

ఆండ్రాయిడ్‌లోనూ ఇలాంటిదే. పాత పద్ధతి స్క్రీన్ ముక్క అయిన ఫ్రాగ్మెంట్‌లో, కంపోజ్‌ను ఇముడ్చుకునే కంపోజ్‌వ్యూ పెట్టి, దాన్ని ఎప్పుడు తీసేయాలో చెప్పే డిఫాల్ట్ స్ట్రాటజీని అలాగే వదిలేస్తే, వ్యూ విండో నుంచి విడిపోగానే కంపోజిషన్ (కంపోజ్ కట్టిన తెర) పోతుంది. డిస్పోజ్‌ఆన్‌వ్యూట్రీలైఫ్‌సైకిల్‌డిస్ట్రాయ్డ్ అని, అంటే ఫ్రాగ్మెంట్ వ్యూ జీవితం ముగిసినప్పుడే తీసేయమని, చెప్పి తీరాలి.

ఈ గొడవలన్నీ సరిహద్దు దగ్గరే పుడతాయి. కాబట్టి సరిహద్దులు తగ్గించండి. ఒక స్క్రీన్‌కు ఒకే యజమాని ఉండాలి. నావిగేషన్ పాతదాని చేతిలోనే ఉంచి, ఐఫోన్‌లో కొత్త స్క్రీన్‌ను యూఐహోస్టింగ్‌కంట్రోలర్‌లో (స్విఫ్ట్‌యూఐని యూఐకిట్‌లో ఇమిడ్చే తొడుగు) పెట్టి పుష్ చేయండి. డేటా ఒక్క వ్యూమోడల్‌లోనే (తెరకు డేటా అందించే ఆబ్జెక్ట్) ఉండాలి, రెండు వైపులా దాన్నే చదవాలి. లిస్టు సెల్స్ దగ్గర మాత్రం సెల్‌లో స్విఫ్ట్‌యూఐ పెట్టడానికి ఐఓఎస్ 16 నుంచి యూఐహోస్టింగ్‌కాన్ఫిగరేషన్ ఉంది, అక్కడ భయపడాల్సిన పనిలేదు.

రెండు ఫ్రేమ్‌వర్కులు నేర్చుకోవాలి, రంగులూ ఫాంట్లూ రెండుచోట్ల రాసుకోవాలి అంటారు. నిజమే, థీమ్ విషయంలో చికాకు తప్పదు. రీరైట్‌తో, అంటే మొత్తం తిరగరాయడంతో, పోలిస్తే అదెంత?

అసలు రీరైట్ మీద ఇంత మోజు ఎందుకు? "మైగ్రేట్ చేశాం" అన్న ముక్క రెజ్యూమెలో మెరుస్తుంది, "చెడగొట్టకుండా ఉంచాం" అన్నది మెరవదు. పాత స్క్రీన్‌లో ఎందుకుందో ఎవరికీ తెలియని ఇఫ్ కండిషన్ ఒకటి ఉంటుంది. అది బహుశా ఏ చిన్న స్క్రీన్ ఫోన్‌లోనో కీబోర్డు సబ్మిట్ బటన్‌ను కప్పేసిందని రాసినది. రీరైట్‌లో మొదట ఎగిరిపోయేది అదే. కొన్నాళ్లకు ఆ బగ్గే కొత్త టికెట్ నంబరుతో తిరిగొస్తుంది.