ఆ గొడుగు కిందికి కణితి కూడా వస్తే?

గుంటూరులో రేడియేషన్ అని డాక్టర్లే అంటారు. జనం 'కరెంటు పెడుతున్నారు' అంటారు. మా మావయ్యకు నాలుక పక్కన కణితి తీసేశాక ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు పెట్టారు. మూడో వారానికి నోరంతా పూసింది. మిరప యార్డులో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేసిన మనిషి, పక్కింట్లో తిరగమోత వేస్తే ఆ ఘాటుకే కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు. అత్తయ్య పెరుగన్నాన్ని మిక్సీలో వేసి, పలచగా చేసి స్పూనుతో పట్టేది. "కణితి తీసేశారు కదరా, మరి ఈ మంట దేనికి?" అని ఒకరోజు నన్నడిగాడు.

ఆ మంటకు పెద్ద కారణం నీళ్లే. కిరణాలు డీఎన్‌ఏను నేరుగా తాకి చేసే నష్టం తక్కువ. అవి కణంలోని నీటిని విరగ్గొడితే, తగిలినదాన్నల్లా పాడుచేసే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. ఎక్స్‌రేల వల్ల జరిగే నష్టంలో మూడింట రెండు వంతులు వీటి పనే. నీళ్లు కణితిలోనూ ఉన్నాయి, పక్కనున్న లాలాజల గ్రంథిలోనూ ఉన్నాయి. రాడికల్స్‌కు ఆ తేడా ఏం తెలుసు?

ఇక్కడే, మంచి కణాలకు గొడుగు పడతాయంటున్న సీరియం ఆక్సైడ్ నానో కణాలు వస్తాయి. అద్దాలకు పాలిష్ పట్టే పొడే ఇది, కాకపోతే కొన్ని నానోమీటర్లంత చిన్నది. మామూలు యాంటీ ఆక్సిడెంట్ ఒక రాడికల్‌ను ఆర్పి తానూ ఖర్చయిపోతుంది. సీరియం అలా కాదు. +3, +4 అనే రెండు ఆవేశ స్థితుల మధ్య అటూ ఇటూ మారుతూ మళ్లీ మళ్లీ పనికొస్తుంది. 2005లో అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ బృందం ల్యాబ్‌లో పెంచిన ఆరోగ్యకరమైన రొమ్ము కణాలకు దీన్ని ఇస్తే దాదాపు 99 శాతం రక్షణ దొరికింది. రొమ్ము క్యాన్సర్ కణాలకు మాత్రం దొరకలేదు. 2009లో ఎలుకల ఊపిరితిత్తులనూ ఇలాగే కాపాడారు.

క్యాన్సర్ కణాన్ని ఎందుకు కాపాడలేదన్నదే నాకు అసలు ప్రశ్న. కణితి లోపల ఆమ్లత్వం ఎక్కువ. అక్కడ ఈ నానో కణం పని సగంలో ఆగిపోయి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుపోతుందని ఒక వివరణ. వినడానికి బాగుంది. కానీ కణితులన్నీ ఒకేలా పుల్లగా ఉండవు, ఒకే కణితిలో కూడా ఒక మూల ఉన్నట్టు ఇంకో మూల ఉండదు.

కణితికీ రక్షణ దొరుకుతుందేమోనన్నది ఊరికే అనుమానం కాదు. కెనడాలో తల, మెడ క్యాన్సర్ ఉన్న 540 మందితో జరిగిన ట్రయల్‌లో కొందరికి రేడియేషన్‌తో పాటు విటమిన్ ఇ, మొదట్లో బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్లు కూడా ఇచ్చారు. రేడియేషన్ వల్ల వచ్చే తీవ్రమైన బాధలు కొంత తగ్గాయి. కణితి ఉన్నచోటే తిరగబెట్టడం మాత్రం పెరిగే సూచనలు కనిపించాయి. ఆ ఫలితాలు వచ్చిందీ 2005లోనే. మంట తగ్గితే పేషెంటుకూ, ఇంట్లో వాళ్లకూ ప్రాణం లేచొస్తుంది. కణితికి కూడా ప్రాణం లేచొచ్చిందేమో తెలియడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

మంచి కణాలను కాపాడే మందు అసలు లేదనీ కాదు. అమిఫోస్టిన్‌కు నోరు ఎండిపోకుండా వాడేందుకు 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోజూ కరెంటుకు ముందు నరంలోకి ఎక్కించాలి, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. అందుకే పెద్దగా వాడుకలోకి రాలేదు. నానో కణాలకు ఇంకో చిక్కు ఉంది, అవి కాలేయంలో, ప్లీహంలో చేరి చాలాకాలం ఉండిపోతాయి. కాబట్టి ల్యాబ్‌లో 99 శాతం అన్న హెడ్‌లైన్ చూసి పొంగిపోవడం నావల్ల కాదు. మన తీరంలోని మోనజైట్ ఇసుకలో సీరియం ఉంది కనుక, రేపు ఎవరైనా 'నానో భస్మం' అని సీసాలో పోసి అమ్మినా ఆశ్చర్యపోను.

పరిశోధనకు డబ్బు పెట్టాల్సిందే, మనుషుల మీద ట్రయల్స్ జరగాల్సిందే. అయితే ఆ ట్రయల్స్‌లో నోటిపూత ఎంత తగ్గిందన్నది కాకుండా, కణితి తిరిగొచ్చిందా అన్నది ముందు లెక్కగట్టాలి. ఈలోగా కాపాడే పనులు ఉన్నాయి. లాలాజల గ్రంథులను వీలైనంత తప్పించి కిరణాలు పడేలా ప్లాన్ చేసే ఐఎంఆర్‌టీ ఉంది. మొదలుపెట్టే ముందే పళ్ల డాక్టరు దగ్గరికి పంపడం ఉంది. మావయ్యను ఎవరూ పంపలేదు. కరెంటు అయిపోయిన ఏడాదికి రెండు దవడ పళ్లు పుచ్చిపోయాయి. దవడ ఎముక కూడా కిరణాలు తిన్నదే, పుండు మానదేమోనని పీకడానికి డాక్టర్లే వెనకాడుతున్నారు. ఆయన ఇప్పటికీ కుడివైపు నమలడు.