నెత్తికెక్కిన కెమెరా గారికి

మహారాజశ్రీ పీఓవీ కెమెరా గారికి,

నటుడి తలకెక్కి, అతను చూసేదే జనానికి చూపించే మీకు, కృష్ణానగర్ సందుల్లో కెమెరాలు అద్దెకిచ్చి, పట్టీలు బిగించేవాళ్లం రాస్తున్నాం. పెద్దల సినిమాలో, అంటే నీలిచిత్రాల్లో, మీ వైభవమంతా సముద్రాల అవతలే. ఇక్కడ అలాంటిది నెట్‌లో పెడితే ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు. 2015 జులై చివర్లో 857 సైట్లు మూయమన్నారు కూడా. అయినా అమీర్‌పేట హాస్టల్ గదుల్లో మీకు భక్తులు తగ్గలేదు లెండి.

"చూసేవాడి కన్ను నేనే" అని మీ డబ్బా. మిమ్మల్ని కట్టేది నుదుటికి, కంటికి నాలుగు వేళ్ల పైన. అందుకే కట్టుకున్న నటుడి చేతులు గడ్డం కింద మొలిచినట్టు వస్తాయి. ఎదుటి నటి అతని కళ్లలోకి చూస్తే చూపు మీ కిందికి జారిపోతుంది, మీలోకి చూస్తే పాపం నుదుటితో కబుర్లాడాలి. ట్యాంక్‌బండ్ మీద తిరిగే మా బైక్ వీడియోల కుర్రాళ్లు నయం, హెల్మెట్ గడ్డానికి బిగించుకుంటారు. హ్యాండిలు ఉన్నచోటే కనబడుతుంది.

వెడల్పు లెన్సు వేస్తే తలుపు చట్రం విల్లులా వంగి, దగ్గరికొచ్చిన ముక్కు బూరెలా ఉబ్బుతుంది. 50 ఎంఎం వేస్తే ముఖం ముఖంలా ఉంటుంది గానీ గది చాలదు, తల తిప్పితే తెర ఊగుతుంది. 35 దగ్గర రాజీపడండి.

కళ్లకు పెట్టె తగిలించుకుని చూసే వీఆర్‌లో మరీ అన్యాయం. రెండు లెన్సుల మధ్య 64 మిల్లీమీటర్లు, సెకనుకు 60 ఫ్రేములు, అన్నీ సరే. మీరు కాస్త కదిలారో, కదిలామని చూసేవాడి కళ్లంటాయి, లేదని లోపలి చెవి అంటుంది, మధ్యలో కడుపు తిప్పుతుంది. అందుకే మీ కథానాయకుడు మొదట్నుంచీ శవాసనంలోనే.

ఇదంతా జనం క్షమిస్తారు. క్షమించనిది గొంతు. మైకు మీ ఒంట్లోనే ఉంది కాబట్టి ఆమె మాట కంటే మిమ్మల్ని కట్టుకున్నవాడి ఆయాసమే గట్టిగా పడుతుంది. పది నిమిషాలుగా ఆ నటుడు తనేననుకుంటూ చూస్తున్నవాడు ఉలిక్కిపడి, "వీడెవడ్రా నడుమ?" అంటాడు. అంతే, ముందుకు జరిపేస్తాడు. ఆడవాళ్లు చూద్దామన్నా, మీరు దాదాపు ఎప్పుడూ మగవాడి నుదుటి మీదే. వాళ్లకు మొదటి నిమిషం నుంచే అదే ప్రశ్న.

ఆమె దగ్గర వేరే మైకు పెట్టండి. వాణ్ణి నోరు మూసుకోమనండి. పట్టీ రెండు వేళ్లు దించండి.

ఇట్లు,
పట్టీలు బిగించేవాళ్లు

తా.క.: లెన్సు తుడిచేది చొక్కా కొసతో కాదు.