కాప్రి సముద్రంపై అభియోగపత్రం

ఇటలీలోని నేపుల్స్ అఖాతం ముంగిట దాదాపు పది చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఉన్న కాప్రి ద్వీపాన్ని చుట్టి ఉన్న సముద్రం తన విధులను సక్రమంగా నిర్వర్తించడం లేదని విచారంతో తెలియజేస్తున్నాను. ఆ విధులేమిటో తెలియవని అది తప్పించుకోవడానికి వీల్లేదు. ఐరోపా గ్యాలరీల గోడలకు అవి ఫ్రేములు కట్టి వేలాడుతున్నాయి. నీరు ఎంత నీలంగా ఉండాలో, నీళ్లలోంచి నిలువుగా లేచిన ఫరాలియోని శిలల పాదాల దగ్గర ఎంత మెరవాలో, తెరచాప పడవ ఏ మూల నిలబడాలో చిత్రకారులు ఏనాడో తేల్చేశారు. అయినా కాస్త మబ్బు పట్టగానే ఈ సముద్రం బూడిద రంగుకు దిగిపోతుంది. గ్యాలరీలో చూసిన బొమ్మను నమ్మి, సెలవు పెట్టి, ఫెర్రీ టికెట్టు కొని వచ్చిన మనిషి ఈ అన్యాయం ఎవరితో చెప్పుకోవాలి?

పూర్వం ఇలాంటి ఫిర్యాదులు రాకపోవడానికి సముద్రం సత్ప్రవర్తన కారణం కాదు, రంగుల ధర కారణం. అల్ట్రామెరైన్ అనే మేలిమి నీలాన్ని ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల్లో దొరికే లాపిస్ లజూలి రాయిని నూరి తీసేవారు. ధరలో అది బంగారంతో పోటీపడేది. మేరీమాత వస్త్రానికి వాడితే పోషకుడు కళ్లకద్దుకునేవాడు. చేపలు ఈదే నీళ్లకు వాడితే లెక్కలు అడిగేవాడు. ఈ దారుణాన్ని చూడలేక 1824లో ఫ్రాన్సులో పరిశ్రమలను ప్రోత్సహించే ఒక సంఘం, ఈ నీలాన్ని కిలో 300 ఫ్రాంకులకు మించకుండా కృత్రిమంగా తయారు చేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో ఆ బహుమతి జాన్ బాప్టిస్ట్ గిమేకు దక్కింది. అప్పటిదాకా నూరిన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి మోసుకుపోయేవారు. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు దాన్ని నొక్కితే బయటకు వచ్చే లోహపు ట్యూబులోకి మార్చాడు. అలా నీలం చవకైంది, కోటు జేబులో పట్టింది, ఐరోపా దక్షిణాదికి బయలుదేరింది. కళాచరిత్రకారులు దీన్ని ప్రకృతి ఆరాధన అంటారు. నేను రవాణా సౌకర్యం అంటాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1826 ఆగస్టులో, అవుగుస్ట్ కోపిష్ అనే జర్మన్ కవి, చిత్రకారుడు తన మిత్రుడు ఎర్నెస్ట్ ఫ్రీస్‌తో కలిసి కాప్రిలో నీలి గుహను కనుగొన్నాడు. కనుగొన్నాడు అన్న మాట నేను పూర్తి బాధ్యతతో వాడుతున్నాను. గుహ ఉందని అతనికి చెప్పింది బస ఇచ్చిన జుసెప్పే పగానో. దారి తెలిసినవాడు ఆంజెలో ఫెర్రారో అనే జాలరి. లోపల దయ్యాలున్నాయని ద్వీపవాసులు తరతరాలుగా దానికి దూరంగా ఉంటున్నారు, అంటే కనీసం ఎక్కడ ఉందో వారికి తెలుసు. అంతకు ముందు, క్రీ.శ. 37లో మరణించేవరకు దాదాపు పదేళ్లు ఈ ద్వీపం నుంచే రోమన్ సామ్రాజ్యాన్ని నడిపిన టైబీరియస్ చక్రవర్తి కాలంలో దాన్ని శిల్పాలతో అలంకరించారు కూడా. సముద్ర దేవతలైన నెప్ట్యూన్, ట్రైటాన్‌ల విగ్రహాలు 1964లో గుహ అడుగున దొరికాయి. అయితే పైన చెప్పిన వారెవరూ వచ్చి నీలంగా ఉందని ఉత్తర ఐరోపాకు చెప్పలేదు. కాబట్టి వారి తెలివిడి కనుగొనడం కిందికి రాదు.

ఆ మొత్తం సముద్రంలో నియమం తెలిసిన భాగం ఏదైనా ఉంటే అది ఈ గుహలోని నీరే. ప్రవేశద్వారం మీటరు ఎత్తు మాత్రమే. దాని కింద, నీటి లోపల, ఇంకా పెద్ద ద్వారం ఉంది. ఎండ దాని గుండా దూరి వస్తుంది. దారిలో నీరు ఎరుపును మింగేస్తుంది, నీలం మాత్రమే లోపలికి చేరుతుంది. అంటే చిత్రకారుడు పాలెట్ మీద చేయవలసిన పనిని ఇక్కడ సముద్రమే చేసిపెడుతుంది. దాన్ని చూడటానికి యాత్రికులు చిన్న పడవలో వెల్లకిలా పడుకుని లోపలికి వెళ్లాలి. కళ ముందు సాష్టాంగపడటం ఉచితమే కదా అనుకున్నాను గానీ, కాదట, దానికీ టికెట్టు ఉంది. కెరటాలు లేచిన రోజున గుహ మూసేస్తారు. విధేయులకూ సెలవులు ఉంటాయి.

సముద్రం బొమ్మలో ఉన్నట్టు ఉండదన్న సమస్యకు శాశ్వత పరిష్కారం చూపినవాడు క్రిమియాలోని ఫియోడోసియాలో పుట్టిన చిత్రకారుడు ఇవాన్ ఐవజోవ్‌స్కీ. ఇటలీకి వచ్చి, కాప్రి వెన్నెలను కూడా 1841లో గీశాడు. పారే నీటిని, మెరిసే మెరుపును ఎదురుగా కూర్చుని గీయడం అయ్యే పని కాదని అతని సిద్ధాంతం. చూసి, గుర్తుపెట్టుకుని, స్టూడియోకు వచ్చి గీయాలి. ఈ పద్ధతిలో అతను దాదాపు 6,000 చిత్రాలు పూర్తిచేశాడు. ఎదురుగా కూర్చుంటే అలలు కదులుతాయి, గాలికి ఈజిల్ పడిపోతుంది, చంద్రుడు సమయపాలన లేకుండా అస్తమిస్తాడు. జ్ఞాపకంలో ఈ ఇబ్బందులేవీ లేవు. పోప్ 16వ గ్రెగరీ దగ్గరికి చేరిన అతని చిత్రం మరీ పకడ్బందీ ఏర్పాటు: పేరు అల్లకల్లోలం, విషయం సృష్టికి ముందటి సముద్రం. అక్కడికి వెళ్లి వచ్చి, బొమ్మలో ఉన్నట్టు లేదని గొడవ చేసే యాత్రికుడు ఎవడు?

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు కార్ల్ విల్హెల్మ్ డీఫెన్‌బాఖ్ అనే జర్మన్ ఒకడు బయలుదేరాడు. పొడవైన అంగీ వేసుకుని తిరిగే ఈ శాకాహారి దాదాపు 1900 నుంచి 1913లో మరణించేవరకు కాప్రిలోనే ఉన్నాడు. అంతకాలం ఉండి అతను గీసింది చీకటి సముద్రం, ఉరిమే ఆకాశం, భయపెట్టే కొండలు. బజారులో నీలం అంత చవకగా దొరుకుతున్నప్పుడు! సాన్ జాకొమో మఠంలో అతని భారీ కాన్వాసుల ముందు నిలబడితే సెలవుల మీద వచ్చామన్న సంగతే మరచిపోతాం. పర్యాటక దృష్టితో చూస్తే ఇది విధ్వంసక చర్య. నిజం కూడా కావచ్చు, అది వేరే విషయం.

ఇక బొమ్మలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదన్న ప్రశ్న. కాప్రిలో నీటి ఊటలు బహు తక్కువ. 1870లలో రోడ్డు పడేవరకు అనాకాప్రి ఊరికి చేరాలంటే స్కాలా ఫెనీచా అనే 921 రాతి మెట్లు ఎక్కాలి. కింద తీరం దగ్గరి ఊట నుంచి నీళ్లు నింపుకుని, తలమీద పెట్టుకుని, ఆ మెట్లన్నీ ఎక్కినవారు ఆడవాళ్లు. చిత్రకారులకు ఆ నడక, ఆ మెడ నిటారుదనం అమితంగా నచ్చాయి. బిందె నిండుగా ఉన్నంత కాలం దాహం ఎంతో శోభాయమానమైన విషయం. తర్వాత ప్రధాన భూభాగం నుంచి సముద్రం అడుగున పైపు వేసి నీళ్లు తెచ్చారు. ఆ మెడలకు విశ్రాంతి దొరికింది, కళకు తీరని నష్టం జరిగింది. పైపును ఎవరు గీస్తారు? గీసినా ఎవరు కొంటారు?

తనను ఇంతకాలం ఎవరూ పట్టించుకోనందుకు పైపు 2024 జూన్ 22న బదులు తీర్చుకుంది. సరఫరాలో లోపం వచ్చి నీళ్లు ఆగిపోయాయి. పడవలు దించే యాత్రికులకు సరిపడా నీళ్లు లేవు కనుక వారెవరూ ద్వీపంలో అడుగు పెట్టరాదని మేయరు ఉత్తర్వు జారీ చేశాడు. నేపుల్స్, సొరెంటో నుంచి బయలుదేరిన ఫెర్రీలు దారిలోనే వెనక్కి తిరిగాయి. నిషేధం ఆ రోజే ఎత్తేశారు. ఆ కాసేపు డెక్ మీద నిలబడ్డ వందలాది మందికి నలుదిక్కులా సముద్రం తప్ప చూడటానికి మరేమీ లేదు. అది ఏ ఛాయ నీలంలో ఉందో ఒక్కరైనా ఫిర్యాదు చేసినట్టు నేను ఎక్కడా చదవలేదు.