రికార్డ్ బటన్ ఫోన్ ఎత్తేవాళ్ళ చేతికివ్వండి

ఆఫీసు డెస్క్ ఫోన్లలో కాల్ రికార్డింగ్ అనగానే మేనేజ్‌మెంట్లకు రెండే దారులు కనిపిస్తాయి. అన్ని కాల్సూ రికార్డ్ చేసేయడం, లేదంటే అసలు ఆ ఊసే ఎత్తకపోవడం. మాట్లాడుతున్న ఉద్యోగే అవసరమైనప్పుడు బటన్ నొక్కి రికార్డ్ చేసుకునే పద్ధతి ఒకటుంది. చాలా సిస్టమ్‌లలో అది ముందు నుంచే ఉంటుంది, ఆన్ చేసేవాళ్ళే ఉండరు. నా కోపమంతా అక్కడే.

రికార్డింగ్ లేకపోతే నష్టపోయేది ఫోన్ ఎత్తినవాళ్ళే. సప్లయర్ ఫోన్లో ఒక రేటు ఒప్పుకుంటాడు, బిల్లులో ఇంకో రేటు వేస్తాడు, అడిగితే "నేనలా అనలేదే" అంటాడు. ఇంకొకరు నోటికొచ్చినట్టు తిట్టి, మీవాళ్ళే దురుసుగా మాట్లాడారని పైవాళ్ళకు మెయిల్ పెడతారు. అప్పుడు ఆ ఉద్యోగి దగ్గర నోట్‌బుక్కులో రాసుకున్న రెండు ముక్కలు తప్ప ఏముంటాయి?

అలాగని అన్నీ రికార్డ్ చేస్తామంటే నేను ఒప్పుకోను. ఇంటినుంచి వచ్చిన ఫోనూ, డాక్టరుతో మాట్లాడిన మాటలూ సర్వర్లోకి ఎందుకు పోవాలి? పైగా ఆడియోను కుదించకుండా దాచే మామూలు 16 బిట్, 8 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ గంటకు దాదాపు 58 ఎంబీ తింటుంది. కార్డు నంబర్లు చెప్పే కాల్స్ ఇంకా ప్రమాదం. పేమెంట్ ఆమోదం అయ్యాక సీవీవీని (కార్డు మీది భద్రతా కోడ్‌ను) దాచకూడదని కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ చెబుతోంది, ఆడియోలో ఉన్నా అంతే.

పని కూడా పెద్దదేం కాదు. ఆఫీసు ఫోన్లను నడిపే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఉన్న సిస్టమ్ అయితే, కాల్ మధ్యలో రికార్డింగ్ మొదలుపెట్టే ఆటోమిక్స్‌మాన్ అనే ఫీచర్‌కు ఒక కోడ్ పెట్టి, కాల్ కలిపే డయల్ కమాండ్ ఆప్షన్లలో దాన్ని అనుమతించి, ఆ కోడ్‌ను ఫోన్లో ఒక కీకి ఇస్తే చాలు. అదే కీ మళ్ళీ నొక్కితే ఆగిపోతుంది. ఒక్కటి మాత్రం చూసుకోవాలి: ఆడియో సర్వర్ గుండా పోకుండా ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా వెళ్తుంటే రికార్డ్ చేయడానికి సర్వర్ దగ్గర ఏమీ ఉండదు. బయటి కాల్స్, లోపలి కాల్స్, ట్రాన్స్‌ఫర్ చేసినవి, అన్నీ విడివిడిగా టెస్ట్ చేయాలి.

బటన్ నొక్కితే కాల్ మొదటినుంచీ సేవ్ అయ్యే సిస్టమ్‌లూ ఉన్నాయి. అవి నాకు నచ్చవు. నొక్కకముందే అంతా నమోదవుతోందంటే అది అందరినీ రికార్డ్ చేయడమే కదా! దానికన్నా "ఇప్పుడు అనుకున్నది రికార్డ్ చేస్తున్నానండీ, రేటు ఒకసారి మళ్ళీ చెప్పండి" అని అడగడం మేలు. అవతలివాళ్ళకు తెలుస్తుంది, అసలు విషయం ఒక్క నిమిషంలో స్పష్టంగా పడుతుంది. చట్టం కొన్నిచోట్ల మాట్లాడేవాళ్ళలో ఒకరి సమ్మతి ఉంటే చాలంటుంది, కాలిఫోర్నియా లాంటిచోట ఆంతరంగిక సంభాషణకు అందరి సమ్మతీ అడుగుతుంది. ప్రతిసారీ చెప్పేస్తే ఆ టెన్షనే ఉండదు.

ఇక ఫైల్ ఎవరిదన్నది. నొక్కినవాళ్ళకు అది వెంటనే అందాలి. మేనేజర్ వింటే ఎప్పుడు విన్నారో లాగ్‌లో పడాలి, ఎన్నాళ్ళకు డిలీట్ అవుతుందో ముందే రాసి చూపించాలి. ఐటీ వాళ్ళను అడిగేటప్పుడు బటన్‌తోపాటు ఈ మూడూ అడగండి. కొనుగోళ్ళు, బకాయిల వసూళ్ళు చూసేవాళ్ళ ఫోన్లతో మొదలుపెట్టమనండి, మాట మార్చే కాల్స్ ఎక్కువగా వచ్చేది వాళ్ళకే.