సిమెంటు బస్తాకు పాత గోడ తరఫున

మహారాజశ్రీ 50 కిలోల సిమెంటు బస్తా గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుదరడం లేదు. తమరు కుశలమే, తమరు ఎక్కి కూర్చున్న పాత గోడకే ఒంట్లో బాగాలేదు.

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనం తమరు ఎరిగిందే. ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, 1949లో మహిళా కళాశాల అయింది. మరమ్మతులయ్యాక 2023లో మళ్లీ తలుపులు తెరిచింది. నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాం సొమ్ముతో కట్టించుకున్న కొంప అది. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళంలోని శామ్యూల్ రసెల్. పని 1803లో మొదలైంది. జోసెఫ్ ఆస్ప్‌డిన్ తమరికి పోర్ట్‌లాండ్ అని నామకరణం చేసి పేటెంటు పుచ్చుకున్నది 1824లో. అంటే తమరి బారసాలకు ముందే ఆ గోడలు సున్నంతో లేచాయి. అయినా అలాంటి ఇల్లు ఎక్కడ బాగుచేయాలన్నా ముందు కబురు వెళ్లేది తమరికే!

తమరి పనితనం అలాంటిది. పాత గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది, సున్నపు పూతలోంచి ఆవిరిగా వదిలేస్తుంది. తమరు పైన అట్టలా బిగుసుకోగానే ఆ దారి మూసుకుపోతుంది. తేమ ఇంకా పైకి ఎగబాకుతుంది. దానితో వచ్చిన ఉప్పు పూత వెనకే స్ఫటికాలు కట్టి ఇటుకను పొడి చేస్తుంది. కొన్ని వానాకాలాలకు తమరు పెచ్చులుగా ఊడతారు, ఒంటరిగా వెళ్లడం మర్యాద కాదన్నట్టు ఇటుక ముఖాన్ని కూడా వెంటబెట్టుకుని. “పాత ఇటుక నాసిరకం సార్” అని మేస్త్రి తేల్చేస్తాడు. మళ్లీ తమరికే కబురు.

సున్నానికి ఈ చురుకు లేదు. కాల్చిన సున్నపురాళ్లను నీళ్లలో వేసి విరగనిచ్చి వారాల తరబడి మాగబెట్టాలి. తొందరపడితే విరగని పలుకులు గోడెక్కాక ఉబ్బి, పూతను చిల్లులు పొడుస్తాయి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, గానుగలో నూరడం, కరక్కాయా బెల్లమూ నానిన నీళ్లు, పూతకు 10–12 మిల్లీమీటర్లు మించని మందం, పైన తడి గోనెపట్టాలు. ఆ తర్వాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలకు ఒక మిల్లీమీటరు లెక్కన గట్టిపడుతుంది. తమరు 28 రోజుల్లో రాయి అయిపోతారు. మార్చి 31 లోగా బిల్లు పెట్టాలంటే ఇక దిక్కెవరు?

తమరిని సాగనంపడమూ తేలిక కాదు. వేలి కణుపుతో తట్టి, బోలుగా మోగినచోట మొదలుపెట్టి, ఉలీ సుత్తీతో చేత్తోనే ఊడదీయాలి. మిషను పెడితే ఇటుక కూడా రాలుతుంది. తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లు కొట్టారో, కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

ఇట్లు,
ఊపిరాడని ఒక గోడ తరఫున

తా.క.: తెల్ల సిమెంటు తమ్ముణ్ణి సున్నమని చెప్పి పంపకండి. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు డబ్బానూ తోడు తేవద్దు, అదీ ఆవిరిని బయటికి పోనివ్వదు.