చప్పుడు ఆగేదాకా ట్యాపెట్ బిగించమన్న మహానుభావుడికి

బైకు నడిపే మిత్రులు ఒకరి తర్వాత ఒకరు నాకు పంపుతూనే ఉన్న సందేశం ఒకటుంది. "మెకానిక్‌లు మీకు చెప్పని రహస్యం: పది నిమిషాల్లో ఇంట్లోనే ట్యాపెట్ సెట్టింగ్" అని దాని శీర్షిక. ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు రానిచ్చి, పొగను బయటికి పంపే వాల్వులకూ వాటిని నొక్కే మీటలకూ మధ్య ఉండే సన్నటి ఎడాన్ని (వాల్వ్ గ్యాప్) సరిచేయడమే ట్యాపెట్ సెట్టింగ్. దాని సారాంశం ఇది: చప్పుడు రాకపోతే ట్యాపెట్ల జోలికి పోనక్కర్లేదు, వస్తే అది ఆగేదాకా స్క్రూ బిగించాలి, ఈ పని ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే చేయాలి, పిస్టన్ పైకి వచ్చి ఉంటే చాలు, ఫీలర్ గేజ్ (సందును కొలిచే సన్నటి రేకు) అబద్ధం చెబుతుంది కనుక కాగితం ముక్క వాడాలి, ఏ బైకుకైనా 0.10 మిల్లీమీటరే కొలత. అప్పటికీ చప్పుడు వస్తుంటే చిక్కటి ఆయిల్ పోయాలి. పంపినవారిలో కొందరు "ఇది నిజమేనా?" అని అడిగారు. ఎక్కువమంది అడగకుండానే స్పానర్ చేతపట్టినట్టున్నారు.

చిల్లర విషయాలు ముందు తేల్చేద్దాం. వాల్వ్ గ్యాప్ అన్నది లోహానికీ లోహానికీ మధ్య ఉండే ఎడం. ఆయిల్ చిక్కబడితే చప్పుడు కాస్త మెత్తబడవచ్చు గానీ ఆ ఎడం వెంట్రుకవాసి కూడా మారదు. పైగా చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దాకా చేరడం ఆలస్యమై, కాపాడాలనుకున్న క్యామ్ (తిరుగుతూ వాల్వులను తెరిపించే భాగం) మీదే అరుగుదల పెరుగుతుంది. ఇక అన్ని బైకులకూ ఒకే కొలత అన్న మాట. చాలా చిన్న సింగిల్ సిలిండర్ ఇంజన్లలో గ్యాప్ 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, పెద్ద ఇంజన్లలో 0.20 దాటడమూ మామూలే, పొగ పోయే ఎగ్జాస్ట్ వాల్వ్‌కు తరచుగా గాలి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ కంటే ఎక్కువ ఇస్తారు. ఆయిల్ ఒత్తిడితో గ్యాప్‌ను తమంతట తామే పూడ్చే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్లలో సరిచేయడానికి స్క్రూయే ఉండదు. వాల్వ్‌ను తెరవడమే కాక మూయడం కూడా క్యామే చేసే డ్యుకాటీ డెస్మోడ్రోమిక్ ఇంజన్లలోనైతే వాల్వ్‌ను తెరిచే వైపు ఒక గ్యాప్, మూసే వైపు ఇంకొకటి చూడాలి. మాన్యువల్‌లో కంపెనీ అంకె అచ్చువేసి ఇచ్చాక, ఫోన్‌లో వచ్చిన అంకెను నమ్మవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన సూత్రానికి వస్తాను: చప్పుడు లేకపోతే సమస్య లేదు, ఉంటే ఆగేదాకా బిగించు. ఈ ఒక్క వాక్యం వల్ల పాడయ్యే ఇంజన్లు మిగతా సూత్రాలన్నీ కలిసి పాడుచేసే వాటికంటే ఎక్కువగా ఉంటాయని నా అభిప్రాయం.

వాల్వ్ మూసుకున్న ప్రతిసారీ దాని అంచు సీటును, అంటే హెడ్‌లో అది కూర్చునే వలయాన్ని, కొడుతుంది. ఇంజన్ 4000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ నిమిషానికి 2000 సార్లు, అంటే సెకనుకు 33 సార్లకు పైగా, తెరుచుకుని మూసుకుంటుంది. వేల కిలోమీటర్ల పాటు ఇలా కొట్టుకోగా కొట్టుకోగా అంచూ సీటూ రెండూ అరిగి, వాల్వ్ కొద్దికొద్దిగా హెడ్‌లోకి దిగబడుతుంది. తల అలా దిగబడిన మేరకు స్టెమ్ (వాల్వ్ కాడ) కొస, దాన్ని నొక్కే మీట అయిన రాకర్ వైపు జరుగుతుంది, దాంతో గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్‌తో పాటు చప్పుడూ తగ్గుతుంది. రాకర్ కొన, క్యామ్ అరిగితే ఇందుకు విరుద్ధంగా గ్యాప్ పెరిగి చప్పుడు వస్తుందన్నదీ నిజమే. ఈ రెండు అరుగుదలల్లో ఏది వేగంగా సాగితే గ్యాప్ అటు మొగ్గుతుంది, ఎగ్జాస్ట్ వైపు తరచుగా మొదటిదే నెగ్గుతుంది. కనుక ఏ చప్పుడూ చేయకుండా సాగుతున్న ఇంజన్‌లోనే గ్యాప్ సున్నాకు చేరువవుతూ ఉండవచ్చు.

సున్నా అయితే ఏమవుతుందో ఆ సందేశం రాసిన వ్యక్తి ఒక్క క్షణమైనా ఆలోచించినట్టు లేదు. పూర్తి లోడ్ మీద ఎగ్జాస్ట్ వాల్వ్ తల 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడిలో అధిక భాగం అది మూసుకుని సీటును ఆనుకుని ఉన్న కొద్ది వ్యవధిలోనే సీటు ద్వారా హెడ్‌లోకి పోవాలి, మిగిలినది స్టెమ్ మీదుగా గైడ్‌లోకి (స్టెమ్ జారే గొట్టంలోకి) పోతుంది. గ్యాప్ లేనప్పుడు, వేడికి వాల్వ్ సాగినకొద్దీ దాని కొస రాకర్‌కు ఆనుకుని, తల సీటు మీద పూర్తిగా కూర్చోదు. వేడి పోయే ప్రధాన దారి అక్కడే మూసుకుపోతుంది. దానికి తోడు, మండుతున్న వాయువు ఆ సన్నటి సందులోంచి ప్రతి పవర్ స్ట్రోక్‌లోనూ దూసుకుపోతూ వాల్వ్ అంచును కాల్చి, చివరికి కొరికినట్టు చేస్తుంది. స్టార్టింగ్ కష్టమవడం, ఐడ్లింగ్ నిలకడ తప్పడం, కంప్రెషన్ పడిపోయి పికప్ చచ్చిపోవడం తర్వాత కనిపించే లక్షణాలు. అప్పటికి స్క్రూ వదులు చేసినా కాలిన అంచు తిరిగి రాదు, హెడ్ దించి వాల్వ్ మార్చి సీటు సరిచేయించుకోవలసిందే. చప్పుడు ఆగింది కాబట్టి ఇంజన్ బాగుపడిందనడం, రోగి మూలగడం మానేశాడు కాబట్టి కోలుకున్నాడనడం లాంటిది.

గ్యాప్ ఎక్కువైతే నష్టం లేదని నేను అనడం లేదు. వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని ముందుగా మూసుకుంటుంది, లిఫ్ట్ (అది తెరుచుకునే మేర) తగ్గుతుంది, స్టెమ్ కొస మీద దెబ్బలు పడతాయి. కానీ ఆ లోపం చప్పుడు చేసి తన సంగతి తానే చెబుతుంది, సకాలంలో సరిచేస్తే చాలాసార్లు అంతటితో పోతుంది. రెంటిలో ఒకదాన్ని భరించక తప్పదంటే నేను చప్పుడునే భరిస్తాను.

మరొక సంగతి, హెడ్ దగ్గర వినిపించే ప్రతి టకటకా ట్యాపెట్‌దే అని ఎవరు చెప్పారు? క్యామ్‌ను తిప్పే చైన్ వదులైనా, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ పని చేయకపోయినా, సైలెన్సర్ బెండ్ పైపు హెడ్‌ను కలిసేచోట గ్యాస్కెట్ పోయినా ఇంచుమించు అలాంటి చప్పుడే వస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్టర్ అయితే ఏ లోపమూ లేకుండానే టిక్కుమంటూ ఉంటుంది. గ్యాస్కెట్ లీకు చప్పుడు ఆగాలని ట్యాపెట్ స్క్రూ బిగిస్తూ పోయే భక్తుడు ఎక్కడ ఆగాలో కూడా ఈ సందేశంలో రాసి ఉంటే బాగుండేది.

వేడి ఇంజన్ సూత్రంలో ఒక పాత నిజం ఉందని ఒప్పుకోవాలి. కొన్ని పాత కార్ల మాన్యువళ్లు నిజంగానే ఇంజన్ వేడిగా ఉన్నప్పటి కొలతలే ఇచ్చాయి, ఆ కాలపు పనివాళ్లు అలాగే చేశారు. అయితే ఇప్పటి మోటార్‌సైకిళ్ల కొలతలు చల్లటి ఇంజన్‌కు ఇచ్చినవి, చాలా మాన్యువళ్లు 35 డిగ్రీల సెల్సియస్‌కు లోపల అని స్పష్టంగా రాస్తాయి. హెడ్ అల్యూమినియం, వాల్వ్ ఉక్కు, రెండూ ఒకే తీరుగా వ్యాకోచించవు, ఆ లెక్కంతా కట్టిన తర్వాతే కంపెనీ చల్లటి కొలత నిర్ణయిస్తుంది. అదీగాక "వేడి" అంటే ఎంత వేడి? ఇన్‌టేక్ వాల్వ్ చూసి ఎగ్జాస్ట్ దగ్గరకు వచ్చేసరికే ఇంజన్ కొంత చల్లారుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయకుండా విప్పడం కంటే సులువైన పని ఈ ప్రక్రియలో మరొకటి లేదు.

"పిస్టన్ పైకి వస్తే చాలు" అన్నది సగం నిజం, ఆ మిగతా సగంలోనే ఇంజన్ ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ ఒక సైకిల్‌కు రెండుసార్లు పైకి వస్తుంది, పిస్టన్ పైకి వచ్చిందని చూపే ఫ్లైవీల్ మీది "టీ" గుర్తు రెండుసార్లూ ఎదురుగా కనిపిస్తుంది. కంప్రెషన్ చివర వచ్చినప్పుడు రెండు వాల్వులూ మూసుకుని, రాకర్లు రెండూ చేతితో కదిపితే కొద్దిగా ఆడతాయి. ఎగ్జాస్ట్ చివర వచ్చినప్పుడు రెండూ కొద్దిగా తెరుచుకుని ఉంటాయి. అక్కడ సెట్ చేసిన గ్యాప్, క్యామ్ తన మామూలు స్థానానికి తిరిగాక బాగా పెరిగిపోతుంది. ఇంజన్ తర్వాత పిట్టలా కూయకుండా ఎలా ఉంటుంది? చప్పుడు వస్తే ఇంకా బిగించమని పై సూత్రం ఎలాగూ సిద్ధంగా ఉంది. రాకర్లు బిగుసుకుని ఉంటే మరొక పూర్తి చుట్టు తిప్పండి. తిప్పడం కూడా ఇంజన్ నడిచే దిశలోనే ఉండాలి. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పకుండా మళ్లీ చుట్టి రండి.

ఫీలర్ గేజ్ అబద్ధం చెబుతుందన్న మాట చదివి మొదట నవ్వాను గానీ, నిజానికి ఈ సందేశంలో నన్ను ఆపి ఆలోచింపజేసింది అదొక్కటే. అడ్జస్టర్ (గ్యాప్ సరిచేసే స్క్రూ) కొన, లేదా అది తాకే చోటు, బాగా అరిగి చిన్న గుంట పడితే చదునైన గేజ్ రేకు ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది. రేకు బిగుతుగానే తగులుతుంది, అసలు గ్యాప్ మాత్రం దానికంటే ఎక్కువగా ఉంటుంది. అలాంటి ఇంజన్ ఎన్నిసార్లు సరిగా సెట్ చేసినా చప్పుడు చేస్తూనే ఉంటుంది, అక్కడ రాకర్‌ను చేతితో ఆడించి చూసే పాత మెకానిక్ అంచనా గేజ్ కంటే దగ్గరగా ఉండవచ్చు. ఇంతవరకు సందేశం రాసినాయనదే పైచేయి. కానీ దానికి మందు అరిగిన భాగం మార్చడం, కాగితం కాదు. మామూలు కాగితం మందం 0.1 మిల్లీమీటరుకు దగ్గరగానే ఉన్నా అది నొక్కితే అణుగుతుంది, ఆయిల్ తగలగానే మెత్తబడుతుంది, చిరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది. గేజ్‌ను నమ్మడానికి మంచి పద్ధతి ఉంది: కొలత 0.08 అయితే 0.07 రేకు దూరాలి, 0.09 దూరకూడదు. స్క్రూను కదలకుండా పట్టే లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కొద్దిగా జరుగుతుంది కాబట్టి నట్టు బిగించాక మరోసారి, ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పాక ఇంకోసారి కొలవాలి.

"ఇంట్లోనే" అన్న మాటతో నాకు పేచీ లేదు. స్క్రూ, లాక్‌నట్ ఉన్న ఇంజన్‌లో ఇది ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోదగిన పని. స్క్రూకు బదులు క్యామ్ కింద బకెట్లు (వాల్వ్ కొస మీద బోర్లించిన చిన్న గిన్నెలు), షిమ్‌లు (గ్యాప్‌ను నిర్ణయించే లోహపు బిళ్లలు) ఉన్న ఇంజన్ల సంగతి వేరు. వాటిలో కూడా గ్యాప్ కొలవడం ఇంట్లో చేయవచ్చు, షిమ్ లెక్క కూడా కష్టం కాదు: పాత షిమ్ మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, ఉండవలసిన గ్యాప్ తీసివేయాలి. పాతది 1.80, కొలిచినది 0.10, ఉండవలసినది 0.20 అయితే కొత్త షిమ్ 1.70 మిల్లీమీటర్లు. కానీ షిమ్ మార్చడానికి చాలా ఇంజన్లలో క్యామ్‌షాఫ్టులే బయటికి తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు చైన్ పళ్లు తప్పితే వాల్వ్ వెళ్లి పిస్టన్‌ను తగలవచ్చు. మొదటిసారి విప్పుతున్నవారు అక్కడ కొలతలు రాసుకుని, కవర్ మూసి, ఆ కాగితాన్ని మెకానిక్ చేతిలో పెట్టడమే మేలు. కొలత మాన్యువల్ ఇచ్చిన పరిధిలోనే ఉంటే, ఏ రకం ఇంజన్‌లోనైనా, స్క్రూనూ షిమ్‌నూ ముట్టుకోనక్కర్లేదు.